మూడొందల బండి.. ముప్పై దారి

‘‘తమ్ముడూ, నువ్వొక్కసారి ఆ బండెక్కి రా. ఇంట్లో ఉంచాలో, అమ్మించెయ్యాలో నువ్వే చెప్పు. నీ మాటైతే వాడూ వింటాడు, నేనూ వింటాను.’’

డిసెంబరులో ఓ శనివారం రాత్రి మా అక్కయ్య ఫోన్. ‘బండి’ అంటే మామూలు బండి కాదు. సుజుకీ హయబుస. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆరేళ్లు దాచుకున్న డబ్బుతో దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. 2017లో తయారైంది. కొన్న రోజు నుంచీ ఆ ఇంట్లో శాంతి లేదు. అక్కయ్య భయానికి కారణం ఉంది. మా బావగారు ఇరవై ఏళ్ల కిందట ఆఫీసు నుంచి వస్తూ పాత స్కూటర్ మీంచి పడ్డారు. అప్పుడు ఆయన వేగం నలభైకి మించదు. కుడి మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ‘‘నలభైలో పడితేనే ఇలా అయింది. ఇది మూడొందలు పోతుందటగా!’’ అన్నది అక్కయ్య ప్రశ్న.

కుర్రతనంలో యమహా ఆర్ఎక్స్ 100, ఆ తర్వాత బుల్లెట్ నడిపినవాణ్ని కాబట్టి బళ్ల గురించి నాకు తెలుసని ఆమె నమ్మకం. లైసెన్సుకూ ఇబ్బంది లేదు. మన దేశంలో గేర్ల బైకు లైసెన్సు ఒక్కటే. 100 సీసీకి ఏది చాలుతుందో 1340 సీసీకీ అదే చాలుతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకే కాస్త గుబులనిపించింది.

‘‘శ్రీశైలం వెళ్లొద్దాం రా అల్లుడూ’’ అన్నాను. పోనూరానూ 430 కిలోమీటర్లు. ఊరి ట్రాఫిక్, హైవే, అడవి, ఘాట్ రోడ్డు అన్నీ తగులుతాయి. బండి సంగతి తేలడానికి అంతకన్నా మంచి దారేముంది!

తొమ్మిది గ్యాస్ బండలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగాను. కార్ల మధ్య ఓ మూల, దుప్పటి కింద పడుకున్న జంతువులా ఉంది. కవరు తీశాక పక్కన పెద్ద జపనీస్ అక్షరం కనిపించింది. అది ఆ బండి పేరే. హయబుస అంటే జపాన్ భాషలో డేగ. వేట మీదికి నిట్టనిలువుగా దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల వేగం దాటే పక్షి. 1999లో ఈ బండి మార్కెట్లోకి వచ్చేనాటికి వేగంలో పెద్ద పేరున్న హోండా బైకు పేరు బ్లాక్‌బర్డ్. ఆ పిట్టల్ని వేటాడే పక్షి పేరునే సుజుకీవాళ్లు ఎంచుకున్నారు.

అంకెలు చెబితే మనకి అంతుపట్టదు కాబట్టి ఇంటి లెక్కల్లో చెబుతాను. బరువు దాదాపు 266 కిలోలు. అంటే గ్యాసు నిండుగా ఉన్న వంటింటి సిలిండర్లు తొమ్మిది. మన వీధుల్లో తిరిగే స్ప్లెండర్ బరువు 112 కిలోలు, బలం ఎనిమిది హార్స్‌పవర్. దీని బలం 197. మధ్యతరగతికి కారు కల తీర్చిన మారుతి 800 కార్బురేటర్ రోజుల్లో ఇచ్చింది 37 హార్స్‌పవర్. అయిదు మారుతి కార్ల బలాన్ని రెండు చక్రాల మీద పెట్టి, దాని మీద ఓ కుర్రాణ్ని కూర్చోబెడితే హయబుస.

‘‘వెనక్కి తోయి మామయ్యా, చూద్దాం’’ అన్నాడు అల్లుడు. తోశాను. కదల్లేదు. రెండోసారి నడుం పట్టేసినంత పనైంది. దీనికి రివర్స్ గేరు లేదు. ముందు గోడ, వెనక ఎత్తు ఉన్నచోట పార్క్ చేస్తే బయటికి తీయడానికి వాచ్‌మన్ సాయం కావాలి. హ్యాండిల్ కూడా ఎక్కువ తిరగదు. స్ప్లెండర్ ఒక్క చుట్టులో తిరిగే సందులో దీన్ని మూడుసార్లు ముందుకీ వెనక్కీ చెయ్యాలి. సెంటర్ స్టాండు లేదు. కూరల సంచి తగిలించడానికి కొక్కెం లేదు. చీరకట్టుతో వెనక కూర్చోవడం కుదరని పని.

‘‘మరి రోజూ ఆఫీసుకి?’’ అడిగాను.

‘‘అమ్మ యాక్టివా మీద.’’

సగం తీర్పు అక్కడే వచ్చేసిందనుకున్నాను. తొందరపడ్డాను.

జాకెట్, చేతితొడుగులు, బూట్లు, ముఖమంతా కప్పే హెల్మెట్ వేసుకుని పైకొచ్చేసరికి అక్కయ్య ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. ‘‘శ్రీశైలానికా, చంద్రమండలానికా?’’ అంది. నవ్విందిగానీ కళ్లల్లో నవ్వు లేదు. బావగారు బాల్కనీలోంచే చూశారు.

వెనక సీటు కష్టాలు

మొదట నడిపింది అల్లుడు. వెనక నేను. ముందు సీటు కన్నా వెనక సీటు ఎత్తు. మోకాళ్లు పొట్టలోకి వస్తాయి. పట్టుకోవడానికి ఉన్నదల్లా నడిపేవాడి నడుమో, పెట్రోల్ ట్యాంకో.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయటపడేదాకా బండి ఒక్కసారి కూడా పులిలా గర్జించలేదు. ఇందులో ఇంజను బలాన్ని మూడు స్థాయుల్లో పెట్టుకునే మీట ఉంది. ఏ, బీ, సీ అంటారు. ‘ఏ’లో మొత్తం బలం. ‘సీ’లో బాగా తగ్గించి ఇస్తుంది. ‘‘ఊళ్లో, వానలో సీ మామయ్యా’’ అన్నాడు. తెల్లవారుజాము కాబట్టి సరిపోయింది. సాయంత్రం ఆరింటికి ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గరైతే ఇంజను వేడి తొడలకి తగులుతుందట. వేసవిలో ఇస్త్రీపెట్టె పక్కన కూర్చున్నట్టుంటుందట.

తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మా తల మీదుగా పోతోంది. అక్కడ కార్లకి 120 దాకా అనుమతి. అల్లుడు హెల్మెట్ అద్దం పైకెత్తి, ‘‘మనకి అక్కడికి ప్రవేశం లేదు’’ అన్నాడు. నిజమే. ఔటర్ మీదికి ద్విచక్ర వాహనాల్ని రానివ్వరు. పాత మారుతి 800 దర్జాగా ఎక్కే రోడ్డు మీదికి మూడొందల బండి ఎక్కకూడదు! ఆ మాటకొస్తే 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు వరసల హైవే మీద కూడా బైకుకి 80 కిలోమీటర్లే. ఈ బండి మొదటి గేరులోనే వంద దాటుతుంది. మిగతా అయిదు గేర్లతో మన రోడ్ల మీద చట్టప్రకారం పనే లేదన్నమాట.

‘ఎంతిస్తది?’

ఆమనగల్లులో టిఫిన్‌కి ఆగాం. ఇడ్లీ ప్లేటు చేతికి రాకముందే బండి చుట్టూ పదిహేను మంది. ‘‘ధూమ్ బండిరా’’ అన్నాడో పిల్లాడు. ఆ సినిమా వచ్చింది 2004లో. ఈ పిల్లాడు పుట్టడానికి చాలా ముందు. అయినా పేరు పోలేదు. జాన్ అబ్రహాం నడిపినప్పటి నుంచీ మన ఊళ్లలో పెద్ద స్పోర్ట్స్ బైకంటే హయబుసే.

ఓ పెద్దాయన తలపాగా సర్దుకుంటూ దగ్గరికొచ్చి అందరి మనసులో ఉన్న ప్రశ్న అడిగాడు. ‘‘లీటర్‌కి ఎంతిస్తది బిడ్డా?’’

‘‘పదిహేను, పదహారు తాతా.’’

‘‘గంతేనా! మా ట్రాక్టర్ నయం.’’

అందరూ నవ్వారు. మా అల్లుడూ నవ్వాడు. కానీ ఆ ప్రశ్న చిన్నది కాదు. మన దేశంలో బండి విలువ తేల్చే తక్కెడ అదే. ఆ తక్కెడలో హయబుస ఎప్పటికీ తూగదు. దాన్ని తయారుచేసింది అందుకు కాదు మరి. 1999లో మొదటి బండి 1299 సీసీ ఇంజనుతో గంటకు 300 కిలోమీటర్లు దాటేసింది. ఇలాగే వదిలేస్తే పోటీ ఎక్కడికి పోతుందోనని ఐరోపా దేశాల్లో గగ్గోలు మొదలైంది. నిషేధం మాటలు వినిపించాయి. దాంతో పెద్ద కంపెనీలన్నీ తమలో తాము ఓ మాట అనుకుని, 300 దగ్గర ఇంజనుకి ఎలక్ట్రానిక్ కళ్లెం వేసుకున్నాయి. 2008లో ఇంజను 1340 సీసీ అయింది, బలం 197కి పెరిగింది. కళ్లెం మాత్రం అలాగే ఉంది. 2021లో వచ్చిన మూడో తరం బండిలో బలాన్ని 190కి తగ్గించారు. దానికి బదులు మామూలు వేగాల్లో ఇంకా తేలిగ్గా లాగేలా ఇంజనుని సరిచేశారు. మూడొందల కన్నా రోజూ నడిపే వేగాలే ముఖ్యమని తయారుచేసినవాళ్లకే అనిపించిందేమో!

నాలుగు సెకన్లు

కల్వకుర్తి దాటాం. మంచు విడిపోయింది. రోడ్డు నున్నగా, తిన్నగా ఉంది. ముందు ఒక్క బండి లేదు. రెండు వైపులా పత్తి చేలు.

‘‘మామయ్యా, గట్టిగా పట్టుకో.’’

వద్దనేలోపే చెయ్యి తిప్పాడు. అప్పటిదాకా నేను ఎక్కిన ఏ బండీ అలా చెయ్యలేదు. కుదుపు లేదు, అరుపు లేదు. నన్ను వెనక్కి ఎవరో గుంజినట్టయింది. చేలు గీతలైపోయాయి. అల్లుడి భుజం మీదుగా మీటరు చూశాను. 80 దగ్గరున్న ముల్లు 160 చూపిస్తోంది. నాలుగు సెకన్లు పట్టిందేమో!

అప్పుడు కనిపించాయి మేకలు. కుడి వైపు చేలోంచి ఒకటి, దాని వెనక పది, ఆ వెనక మంద. తీరిగ్గా రోడ్డు మీదికి వస్తున్నాయి.

అల్లుడు బ్రేకు వేశాడు. నేను వెళ్లి అతని వీపుకి గుద్దుకున్నాను. ముందు చక్రానికి రెండు పెద్ద డిస్కులు, ఏబీఎస్ ఉన్నాయి కాబట్టి చక్రం బిగుసుకుపోలేదు, బండి పక్కకి జారలేదు. మందకి ముప్పై గజాల ముందు ఆగింది. ఇంజను మామూలుగా గురగురమంటోంది. మా ఇద్దరికీ మాట రాలేదు.

కాపరి ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. కర్రతో మేకల్ని అవతలికి తోలి, మా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

‘‘నీ బండి ఎంత ఉరుకుతదో మేకలకేం ఎర్క బిడ్డా?’’ అంది. అని వెళ్లిపోయింది.

బళ్ల పుస్తకాలన్నీ కలిపి చెప్పలేని సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. 160లో 44 మీటర్లు. ముందు మేకని చూసి, బ్రేకు మీదికి వేళ్లు పోయే ఆ ఒక్క సెకనులోనే అంత దూరం అయిపోతుంది. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. నాలుగు రెట్లయితే పదహారింతలు. బండి ఎంత గొప్పదైనా ఈ లెక్క మారదు. పైగా మన రోడ్ల మీద ఎదుటివాళ్లు వేసుకునే అంచనా స్ప్లెండర్ వేగానికే. దూరంగా ఒక హెడ్‌లైట్ కనిపిస్తే ‘ఇంకా టైముంది’ అనుకుని రోడ్డు దాటుతారు. దాటేవాళ్ల తప్పేం లేదు.

డిండి జలాశయం దగ్గర ఆగి అక్కయ్య ఇచ్చిన కాఫీ తాగాం. అల్లుడి చేతులు వణుకుతున్నాయి. నీళ్ల వైపు చూస్తూ, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

‘‘ఇక్కణ్నుంచి నువ్వు నడుపు మామయ్యా.’’

నల్లమలలో నత్తనడక

నిజం చెప్పొద్దూ, మొదటి అయిదు కిలోమీటర్లూ పులి మీద స్వారీలాగే ఉంది. తర్వాత సర్దుకుంది. సీటు తక్కువ ఎత్తు కావడంతో నా రెండు పాదాలూ నేలకి ఆనాయి. కదిలాక ఆ తొమ్మిది గ్యాస్ బండల బరువు ఎటు పోయిందో తెలియదు. చెయ్యి ఎంత తిప్పితే అంతే పోతోంది. తిప్పకపోతే బుద్ధిగా ఉంది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే లోకం మారిపోయింది. ఇక్కణ్నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఈ గేటు మూసేస్తారు. ఆ వేళ రోడ్డు జంతువులది. పగలు మనకిచ్చినా సగమే ఇచ్చినట్టు. నెమ్మదిగా వెళ్లమనే బోర్డులు, వరసగా స్పీడ్ బ్రేకర్లు, మలుపులు. ముప్పై, నలభై దాటే పనిలేదు.

ఇక్కడే నేను అనుకోనిది జరిగింది. మూడొందలు పోయే బండి ముప్పైలో కొట్టుకుంటుంది, ఆగిపోతుంది అనుకున్నాను. మూడో గేరులో పెట్టి వదిలేస్తే 35లో సాఫీగా పోతోంది. నాలుగు సిలిండర్ల ఇంజను కాబట్టి కుదుపే లేదు. మాటిమాటికీ గేరు మార్చే పని లేదు. హెల్మెట్ అద్దం ఎత్తితే ఎండుటాకుల వాసన, ఎక్కడో నెమలి కూత. ఫర్హాబాద్ దాటాక వెదుళ్ల మధ్య రోడ్డు వంపులు తిరుగుతుంటే, ఈ దారిని కారులో పాతికసార్లు వచ్చినా చూడలేదనిపించింది.

ఇబ్బందులూ ఉన్నాయి. బండి అడుగుభాగానికీ నేలకీ మధ్య ఉన్నది 120 మిల్లీమీటర్లే. అంటే జానెడు కూడా లేదు. ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అల్లుడు దిగాల్సి వచ్చింది. నేను దాన్ని ఏటవాలుగా ఎక్కించి దించేవాణ్ని. ముందుకు వంగి కూర్చోవడం వల్ల ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. హైవే వేగంలో ఎదురుగాలి ఛాతీని కాస్త ఎత్తిపట్టి ఆ భారం తగ్గిస్తుంది. ముప్పైలో ఆ సాయం లేదు. గంటకోసారి ఆగి చేతులు విదిలించుకోవాల్సిందే.

వటవర్లపల్లిలో టీ కోసం ఆగితే కోతులు బండినెక్కి అద్దంలో మొహాలు చూసుకున్నాయి. చెంచు కుర్రాడొకడు దాన్ని చాలాసేపు చూసి, ‘‘అడవిల నడుస్తదా?’’ అని అడిగాడు. ‘‘మట్టి దారిలో నడవదు తమ్ముడూ’’ అన్నాను. ‘‘మరెందుకు?’’ అన్నట్టు చూశాడు.

దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణానది వైపు ఘాట్ దిగడం మొదలైంది. గుండుసూది మలుపులు. పొడవైన, బరువైన బండి కాబట్టి మలుపు చాలా ముందే సిద్ధం కావాలి. అయితే దిగేటప్పుడు బ్రేకు మీద ఆధారపడాల్సిన అవసరం పెద్దగా రాలేదు. రెండో గేరులో పెట్టి చెయ్యి వదిలితే ఇంజనే పట్టి ఉంచింది. కింద 12 గేట్ల శ్రీశైలం డ్యాం, దాని ముందు పచ్చటి నీళ్ల లోయ. వంతెన దాటి సున్నిపెంట మీదుగా కొండెక్కి, మల్లన్న సన్నిధికి చేరేసరికి పదకొండున్నర.

దర్శనం అయ్యాక మెట్ల మీద కూర్చున్నాం. అల్లుడు చాలాసేపటికి నోరు తెరిచాడు. ‘‘ఆ నాలుగు సెకన్లు అమ్మకి చెప్తావా మామయ్యా?’’

‘‘నువ్వేమంటావ్?’’

జవాబివ్వలేదు.

తీర్పు

తిరుగు ప్రయాణంలో మళ్లీ అతనే నడిపాడు. మేకలు అడ్డొచ్చిన చోటికి వచ్చాక నేనేమీ అనలేదు. మీటరు మీద 60 దాటలేదు. చీకటి పడేసరికి ఇల్లు చేరాం. పెట్రోలు 27 లీటర్లు, మూడు వేలకు దగ్గర. అదే దూరానికి స్ప్లెండర్‌కి ఏడెనిమిది లీటర్లు చాలు. నా నడుం ఖర్చు వేరు.

అక్కయ్య కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. ‘‘చెప్పు’’ అంది.

నా లెక్క నేను చెప్పాను. రోజువారీ పనికి ఇది బండే కాదు. కూరగాయలకి, ఆఫీసుకి, నిన్ను గుడికి తీసుకెళ్లడానికి పనికిరాదు. టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు అన్నీ కార్ల ఖర్చులే. వీధి చివరి మెకానిక్ దీన్ని ముట్టుకోడు. కానీ దానంతటది రాక్షసి కాదు. నడిపేవాడు మెల్లగా పొమ్మంటే మన మాట వినే ఆవులాగే పోతుంది. నిజంగా వేగం చూడాలనుంటే చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో, కోయంబత్తూరులో రేస్ ట్రాకులున్నాయి. అక్కడ మేకలుండవు.

‘‘మేకలేంటి?’’ అంది అక్కయ్య.

నేను నోరు తెరిచేలోపే అల్లుడు అందుకున్నాడు. మొత్తం చెప్పాడు. 160 అన్న అంకె కూడా దాచలేదు. అక్కయ్య కళ్లు తుడుచుకుంది. అంతసేపూ కుర్చీలో కాలు చాపుకుని వింటున్న బావగారు మొదటిసారి మాట్లాడారు.

‘‘మేకల్ని ఎంత దూరంలో చూశావురా?’’

‘‘రెండొందల మీటర్లుంటుంది నాన్నా.’’

‘‘నేనూ చూశాను ఆ రోజు. కుక్క. బాగా దగ్గరికొచ్చాకే కనిపించింది.’’ మోకాలు నిమురుకున్నారు. ‘‘నీకు దూరం దొరికింది. ప్రతిసారీ దొరకదు.’’

అంతే. అమ్మెయ్యమనీ అనలేదు, ఉంచుకోమనీ అనలేదు. వాళ్ల గుమ్మం పక్కన తాళాలు తగిలించే మేకులున్నాయి. ఎప్పుడో అమ్మేసిన స్కూటర్ తాళంచెవి ఒకటి ఎందుకో ఇంకా అక్కడే వేలాడుతూ ఉంటుంది. అల్లుడు వెళ్లి హయబుస తాళంచెవిని దాని పక్క మేకుకి తగిలించాడు. అప్పటిదాకా అది అతని గదిలో, దిండు కింద ఉండేదట.

బండి అమ్మలేదు. నెల రోజుల తర్వాత ఓ ఆదివారం మధ్యాహ్నం అక్కయ్య ఫోన్ చేసింది.

‘‘మీ అల్లుడు పొద్దున బండేసుకుని యాదగిరిగుట్ట వెళ్లొచ్చాడురా.’’

‘‘ఎంతసేపు పట్టిందట?’’

‘‘పోవడానికి గంటన్నర. మొన్న మేం కారులో వెళ్తేనూ అంతే పట్టింది. మరి అన్ని లక్షలు పోసి ఆ బండెందుకురా తమ్ముడూ?’’

విసుక్కుంటున్నట్టే ఉందిగానీ, ఈసారి గొంతులో నవ్వు వినిపించింది.